చెంబుజెముడు

ఆ పదకొండు కుండీలను పురిటిగదిలోకి మోసింది నేనే. ఈ మాట ముందు చెప్పేస్తే తప్ప మిగతాది రాయడానికి నాకు చెయ్యి ఆడటం లేదు.

మాది అనంతపురం. మా వీధికి కుళాయి నీళ్ళు ఐదు రోజులకొకసారి వస్తాయి. మిద్దె మీద నాకు తొంభైమూడు కుండీలున్నాయి. అన్నీ నీళ్ళు అడగని జాతులే. నాగజెముడు, కాడజెముడు, కలబంద, ఎడారి గులాబీ, గులకరాళ్ళలా కనిపించే చిన్న చిన్న మొక్కలు. బి.ఎస్సీ.లో నేను చదివిన వృక్షశాస్త్రం పెళ్ళయ్యాక ఈ కుండీల్లోనే మిగిలింది. రెండు పాళ్ళు గరుకు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, పిడికెడు బొగ్గుపొడి, అడుగున ఇటుక ముక్కలు. నీళ్ళు పోసే ముందు అగరుబత్తి పుల్ల మట్టిలో గుచ్చి తీస్తాను. పుల్లకు తడి అంటితే ఆ రోజు పొయ్యను. ఇలాంటి మొక్కలు ఎండి చావడం అరుదు. చూసుకునేవాళ్ళ ప్రేమ ఎక్కువైతే వేరు కుళ్ళి చస్తాయి.

మా పెద్దమ్మాయి మృదుల ఈ కుండీల మధ్యే పెరిగింది. ఊరి బయట గుట్ట కింద ఉన్న ఒక చిన్న పరిశోధనశాలలో ఆరేళ్ళు కూర్చుని ఒక మొక్కను తయారుచేసింది. దానికి వాళ్ళు పెట్టిన పేరు జె-11. మా ఇంట్లో చెంబుజెముడు అన్నాం, అచ్చం ముళ్ళు మొలిచిన చెంబులా ఉంటుంది కాబట్టి. జెముళ్ళు పగలంతా ఒంటి మీది రంధ్రాలు మూసుకుని రాత్రికి తెరుస్తాయి. లోపలి నీరు ఎండకు పోకుండా అదొక జాగ్రత్త. మృదుల మొక్క తెరుచుకున్నప్పుడు గాలిలోని తడిని లోపలికి లాక్కుంటుంది. తెల్లవారాక, మొక్క అడుగున అమర్చిన సన్నటి గొట్టం బిరడా తీస్తే నీళ్ళు కారతాయి.

"నలభైమూడు ఇళ్ళకు ఇస్తున్నాం అమ్మా. మొదటి ఇల్లు మనదే," అంది కుండీలు దింపించిన రోజు.

"కూతురి పరీక్షకు తల్లి మార్కులు వేస్తే ఎవరు నమ్ముతారే?"

"నిన్ను నమ్ముతారు. మా ల్యాబులో కూడా నీలాగా తూచేవాళ్ళు లేరు." కొక్కేనికి వేలాడదీసే త్రాసు ఒకటి, గీతలున్న గాజు కొలపాత్ర ఒకటి, నోటుపుస్తకం ఒకటి నా చేతిలో పెట్టింది. దానితో పాటు ఒక కాగితం. నీడలో ఉంచాలి, నీళ్ళు పోయకూడదు, పిల్లలకు ముళ్ళు తగలకుండా చూడాలి. అంతే. ఆ కాగితాన్ని తర్వాత ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మూసిన గది గురించి అందులో ఒక్క మాట లేదు. ల్యాబులో మొక్కలన్నీ వలగోడల పాకల్లో, గాలి ఈ వైపు నుంచి ఆ వైపుకు పోయేచోట ఉండేవి. గాలి తగలకుండా మనిషిని ఎవరైనా గదిలో పెడతారని వాళ్ళకు తోచలేదు. నాకు తోచాల్సింది.

ఏప్రిల్ నెల. మిద్దె మీద గాలి కొలిమి ముందు గాలిలా ఉంది. పదకొండు కుండీలకు కలిపి గ్లాసున్నర నీళ్ళు కూడా రావడం లేదు. నేను ఉన్నదున్నట్టు రాసి పంపేదాన్ని. ఫోనులో మృదుల "సరే అమ్మా" అనేది. ఆ గొంతు విన్నాక నాకు పనిలో మనసు నిలిచేది కాదు.

పురిటికి మా ఇంటికి వచ్చిన చిన్నమ్మాయి నవనీత అదే నెలలో ప్రసవించింది. ఆడపిల్ల. రెండు కిలోల తొమ్మిదివందల గ్రాములు. ఆసుపత్రి నుంచి మూడోరోజు ఇంటికి వచ్చారు. అప్పటికే మా అత్త ఓబులమ్మగారు మధ్యగదిని సిద్ధం చేసి ఉంచారు. కిటికీ రెక్కల సందుల్లో పాతచీర పీలికలు కుక్కారు. తలుపు కింద గోనెసంచి మడిచి పెట్టారు. నవనీత చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం పక్కన సాంబ్రాణి కుంపటి. ఆమె తొమ్మిదిమందిని కని, ఏడుగురిని బతికించుకున్న మనిషి. ఆ మాట ఆమెకు పెద్ద సర్టిఫికెట్టు.

"జేజీ, దప్పికవుతాండాది. ఒక గ్లాసు నీళ్ళియ్యి," అనేది నవనీత.

"బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళంతా నీరు పడుతుంది. నాలుక తడుపుకో, చాలు. మీ నాయనను కన్నప్పుడు నేను దినానికి రెండు గుక్కలు తాగినా. చచ్చినానా?"

"చచ్చుంటే ఈ మాట చెప్పేదానివి కాదు గదా!"

"చూడు మే సులోచనా, నీ కూతురి నోరు!" అని మా అత్త నన్ను చూసి నవ్వేవారు. నేనూ నవ్వాను. అత్త లేనప్పుడు అరగ్లాసు తెచ్చిచ్చేదాన్ని. అదే నా తిరుగుబాటు.

ఒకరోజు నవనీత, అక్క చేసిన మొక్క ఎట్లుందో చూస్తానంది. ఒక కుండీ తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెట్టి మరిచిపోయాను. మర్నాడు బిరడా తీస్తే కొలపాత్రలో నూట ఎనభై గీత దాకా వచ్చాయి. మిద్దె మీద పదకొండూ కలిసి ఇచ్చినదానిలో సగానికి దగ్గర. మళ్ళీ కొలిచాను. అంతే.

లాల పోసే వేడినీళ్ళ ఆవిరి, కుంపటి, తడిగుడ్డలు. తడి ఎక్కువున్న గదిలో ఎక్కువ నీళ్ళు. నాకు సూత్రం దొరికిందనుకున్నాను. ఆ సాయంత్రమే మిగతా పదీ ఒక్కొక్కటిగా మోసుకొచ్చి గోడవారగా పేర్చాను. ముళ్ళు గుచ్చుకోకుండా దినపత్రికను పట్టీలా మడిచి, కుండీ చుట్టూ తిప్పి పట్టుకోవడం నా పద్ధతి. ఒక్క ముల్లు కూడా గుచ్చుకోలేదు.

మర్నాడు రెండు లీటర్ల మూడువందల యాభై.

"అమ్మా! నిజంగానా? మళ్ళీ కొలువు," అంది మృదుల.

"నేను కొలిచినదాన్ని మళ్ళీ కొలవమంటావేంటే?"

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏడుస్తోందని తర్వాత అర్థమైంది. ఆరేళ్ళలో ఆ మొక్క ఎక్కడా అన్ని నీళ్ళు ఇవ్వలేదు. ఆ వారమే నలభైమూడు ఇళ్ళకూ కబురు వెళ్ళింది, తడి ఉన్న లోపలి గదుల్లో పెట్టి చూడండి అని. ఎక్కువ నీళ్ళు తీసిన ఇంటికి శాలువా కప్పుతామని కూడా. ఆ కబురుకు ఆధారం నా నోటుపుస్తకం.

ఆ నీళ్ళను కాచి, చల్లార్చి, పాపకు లాల పోశాను. అంత మెత్తటి నీళ్ళు మా కుళాయిలో ఎప్పుడూ చూడలేదు.

నాలుగురోజులు కుండీలు తూచాను, నీళ్ళు కొలిచాను. ఒక్కొక్క జెముడూ బలిసి, మడతలు విచ్చుకుని, నిగనిగలాడుతోంది. కుండీకి మూడువందల గ్రాముల దాకా పెరిగింది. ఆ గదిలో త్రాసుకు కొక్కెం ఉంది, ఉయ్యాలగుడ్డ ఉంది, పాప ఉంది. ఒకసారి తూద్దామని గుడ్డ విప్పాను.

"పసిబిడ్డను తూస్తారా ఎవరన్నా? దిష్టి తగులుతుంది. ఆపు మే," అన్నారు మా అత్త.

ఆపేశాను. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఇంట్లో చిన్న విషయాలకు పోట్లాడకూడదన్నది నా నియమం. ఏది చిన్నదో తేల్చుకోవడంలో తప్పాను.

అయితే కళ్ళు ఊరుకోవు కదా. ఆ గదిలో తాంబూలం పళ్ళెంలో ఉదయం పెట్టిన తమలపాకులు మధ్యాహ్నానికి చేతిలో పొడి అయ్యాయి. నవనీత పెదవులు పగిలి, నవ్వితే నెత్తురు కనిపించింది. "పాలు రావడం లేదమ్మా" అంది. మా అత్త పత్యంలో వెల్లుల్లి కారం పెంచారు. దండెం మీద పాప పొత్తిగుడ్డలు మొదటిరోజు తొమ్మిది ఆరేశాను. తర్వాత ఏడు. తర్వాత నాలుగు. బుద్ధిమంతురాలు, గుడ్డలు తడపడం లేదని వీధిలో వాళ్ళు మెచ్చుకున్నారు. నేనూ ఊఁ కొట్టాను. కానీ పొయ్యి ముందు నిలబడితే దండెం దగ్గరికి, దండెం దగ్గరికి పోతే గదిలోకి, ఎందుకు తిరుగుతున్నానో తెలియకుండా తిరిగాను. చేసిన పని మళ్ళీ చేశాను. ఒకే గిన్నె మూడుసార్లు కడిగాను.

పుట్టిన తొమ్మిదోరోజు ఉదయం. మా అత్త పాపను కాళ్ళ మీద వేసుకుని మాడుకు ఆముదం పెడుతున్నారు. ఆమె వేలు ఆగిపోయింది.

"సులోచనా."

"ఏందత్తా?"

"మాడు గుంట పడింది మే. నా వేలు దిగిపోతాండాది."

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. నేను దగ్గరికి వెళ్ళి పాప పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి వదిలాను. మడత మడతలాగే నిలబడింది. నీళ్ళు లేని కలబంద మట్ట అలా ఉంటుంది. పాప నోరు తెరిచింది, ఏడుపు రాలేదు.

ఈసారి ఎవరినీ అడగలేదు. ఉయ్యాలగుడ్డలో చుట్టి కొక్కేనికి వేలాడదీశాను. రెండు కిలోల మూడువందల ఎనభై. ఐదువందల ఇరవై గ్రాములు లేవు.

నా పక్కన నోటుపుస్తకం తెరిచే ఉంది. కుండీలు పెరిగిన బరువులు ఒక వరసలో, తీసిన నీళ్ళు ఒక వరసలో. రెండు నిమిషాలు ఆ వరసలను చూస్తూ కూర్చున్నానని రాయాలని ఉంది. కాదు. ఒక్క చూపులో తెలిసింది. గది మూసి ఉంది. బయటి నుంచి తడి రాదు. ఆవిరి అయిపోయాక ఆ మొక్కలకు తడి ఎక్కడి నుంచి వస్తుంది? ఊపిరి నుంచి. చర్మం నుంచి. ఇన్ని రోజులుగా నేను ఆ బిడ్డ ఒంట్లోని నీళ్ళతోనే ఆ బిడ్డకు లాల పోశాను.

కిటికీ సందులోని పీలికలు లాగేశాను. మా అత్త అడ్డం వచ్చారు. "గాలి కొడితే బిడ్డకు సన్నిపాతం వస్తుంది!"

"జరగండత్తా."

"ఏంటికి జరగల్ల? పెద్దదాన్ని, నాకు తెలీదా?"

"మీకే తెలిసింది. మీ వేలికే తెలిసింది. ఇప్పుడు జరగండి!"

ఆమె జరిగారు. పాపను ఒళ్ళో పెట్టుకుని అందరికన్నా ముందు ఆటో ఎక్కి కూర్చున్నది కూడా ఆమే.

ఆసుపత్రిలో పాపకు చిన్న సూదితో బొట్టు బొట్టుగా నీళ్ళు ఎక్కించారు. గబగబా ఎక్కిస్తే మెదడు వాస్తుందట. చూసుకునేవాళ్ళ ఆత్రం ఎక్కువైతే ఏమవుతుందో నాకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. రెండోరోజు పాపకు ఫిట్స్ వచ్చాయి, రెండుసార్లు. డాక్టరమ్మ నన్ను బయటికి పిలిచి, "ప్రాణానికి భయం తగ్గింది. కానీ చెవులు, చూపు, నడక, ఏడాది దాకా చూస్తూ ఉండాలి. ఇంత ఎండిపోయేదాకా ఎవరూ చూసుకోలేదా ఇంట్లో?" అని అడిగింది.

"నేనున్నాను," అన్నాను.

మృదుల పరుగెత్తుకొచ్చింది. నా మాటలన్నీ విని తల అడ్డంగా ఊపింది. "ఒక్క ఇల్లు, ఒక్క గది. దీన్ని ఆధారం అనరమ్మా. పాలు చాలక అయ్యుండచ్చు. జేజి నీళ్ళివ్వక అయ్యుండచ్చు."

"అన్నీ కలిసే అయ్యుంటుంది. నీ మొక్క కూడా."

ఆమె ముఖం ఎర్రబడింది. "కలిసే అంటే? ఆరేళ్ళమ్మా!" అని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఏడింటికి వచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. చేతిలో ఒక తువ్వాలు. ల్యాబులో మందులసీసాలు పెట్టే కిటికీ లేని కొట్టు ఒకటి ఉంది. అందులో నాలుగు కుండీలు, నీళ్ళలో ముంచి పిండని తువ్వాలు ఒకటి పెట్టి, తలుపు సందులకు టేపు అంటించి వచ్చిందట. ఆ తువ్వాలును నా పక్కన బెంచీ మీద నిలబెట్టింది. అది వేయించిన అప్పడంలా, దానంతట అది నిలబడింది.

నవనీత లోపలి నుంచి వచ్చి, అక్కను, తువ్వాలును చూసింది. కోప్పడుతుందనుకున్నాను. గోడకు ఆనుకుని, "అక్కా, ముక్కు తుడుచుకో దాంతో," అంది. మృదుల ఆ తువ్వాలులో ముఖం పెట్టుకుంది. బిరుసుగా ఉన్న గుడ్డ చాలాసేపటికి గానీ మెత్తబడలేదు.

ల్యాబు పెద్దాయన రెండు వారాలు ఆగుదామన్నాడు. మళ్ళీ పరీక్షించి, పద్ధతి ప్రకారం అన్ని ఇళ్ళకూ ఉత్తరాలు పంపిద్దామన్నాడు. మృదుల ఆయన బల్ల మీది నుంచి శాలువా సన్మానం జాబితా తీసుకుని వచ్చేసింది. ఎక్కువ నీళ్ళు తీసిన ఇల్లు పైన, తక్కువ తీసిన ఇల్లు కింద. మొదటి పేరు నాదే.

"వరసగా ఫోన్లు చేద్దాం. ఊళ్ళవారీగా పోదాం," అంది.

"ఊళ్ళవారీగా వద్దు. ఇదే వరసలో పోదాం. ఎక్కువ నీళ్ళు వచ్చిన ఇంటికి ముందు."

ఆమె జాబితా వైపు, నా వైపు చూసింది. బండి తాళం తీసుకుంది.

రెండో పేరు తిప్పమ్మ, కళ్యాణదుర్గం దాటాక ఒక పల్లె. ఫోను ఎవరూ ఎత్తలేదు. మేం వెళ్ళేసరికి పదకొండు దాటింది. తిప్పమ్మ నలభై ఏళ్ళ మనిషి, చురుకైన కళ్ళు. మృదులను చూసి ముఖం వెలిగిపోయింది. ఇంటికి వచ్చినవాళ్ళకు ముందు నీళ్ళివ్వడం మా అందరి పద్ధతి. ఇత్తడి చెంబు నా చేతికిచ్చింది.

"మీ చెట్టు నీళ్ళేనమ్మా. తాగి చూడండి, పానకం మాదిరుండాయి. శాలువా మాకే గదా?"

నేను చెంబు పట్టుకునే అడిగాను, "కుండీలు యాడ పెట్టినావు?"

"లోపల, మా మామ రూములో. బయట పెడితే చుక్క రాలేదు. ఆ రూములో పెట్టినాక చూడల్ల, ధారే!"

"మామకు ఏమైంది?"

"కాలూ చెయ్యి పడిపోయి ఏడాదయింది. గాలి తగిలితే దగ్గు. అందుకే కిటికీలన్నీ మూసిపెట్టినాం. పక్క తడుపుతాడని నీళ్ళు కూడా చూసి చూసి ఇస్తాం. ఇప్పుడా బాధా తప్పింది. ఐదు దినాలుగా పక్క పొడిగానే ఉండాది."

మృదుల అప్పటికే లోపల ఉంది.

చీకటిగది. నులకమంచం చుట్టూ ఎనిమిది కుండీలు. నేను చూసిన వాటన్నిటిలోకీ అవే అందంగా ఉన్నాయి. గుండ్రంగా, నిండుగా, ఒకదాని నెత్తిన గులాబీరంగు మొగ్గ కూడా. మధ్యలో మనిషి. కళ్ళు లోపలికి పోయి, నాలుక పెదవుల మధ్య చెక్కముక్కలా ఆగి ఉంది.

ముళ్ళు గుచ్చుకోకుండా చుట్టే దినపత్రిక కోసం మృదుల వెతకలేదు. కుండీలను గుండెకు హత్తుకుని ఒక్కొక్కటిగా బయటికి మోసింది. చేతులంతా ముళ్ళు. నేను కిటికీ తెరిచి, ఆయన తల ఎత్తి ఒళ్ళో పెట్టుకుని చెంచా అడిగాను. పాప విషయంలో డాక్టరమ్మ చెప్పింది చెవుల్లో ఉంది. చెంచాలో సగమే. ఒక్కొక్కసారి గొంతు కదిలిందని చూశాకే మళ్ళీ.

"అయ్యో, మీకని ఇచ్చిన నీళ్ళు గదమ్మా అవి," అంది తిప్పమ్మ గుమ్మంలో నిలబడి.

"నావి కాదు తల్లీ. ఈయనవే," అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. చెప్పాలి. కూర్చోబెట్టి, మా ఇంట్లో జరిగింది మొదటి నుంచి చెప్పాలి. డాక్టరును పిలవాలి. ముసలాయన చెయ్యి నా మణికట్టును వెతికి పట్టుకుంది. పట్టు ఉంది. ఇంకో అరచెంచా పోశాను.

బయట వాకిట్లో మృదుల నెత్తురు చేత్తో ఫోను చెవికి ఆనించుకుని జాబితాలో మూడో పేరుకు కలిపింది. "నమస్తే అండీ, జె-11 ల్యాబు నుంచి. నీళ్ళు బాగా వస్తున్నాయా?" అని అడిగింది.

లేదు అనండి, రావడం లేదు అనండి అని నేను లోపల దండం పెట్టుకుంటున్నాను. చెంచా నా చేతిలో ఆగిపోయింది.